పొరుగు రాష్ట్రపు సైకాలజిస్టును మన బడికి రప్పించుకోవడం ఎలా?

నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. వైద్యానికి, వ్యాపారానికి, పెళ్లి బట్టలకు మనవాళ్లు ఆ దూరాన్ని ఎన్నడూ లెక్కచేయలేదు. అయితే చెన్నైలోనో, బెంగళూరులోనో, హైదరాబాదులోనో చదివి అక్కడే పేరు నమోదు చేసుకున్న పిల్లల సైకాలజిస్టును వారానికి ఒక రోజు మన బడికి పిలవవచ్చు కదా అని అడిగితే మాత్రం, "వాళ్లది వేరే రాష్ట్రం లైసెన్సు కదండీ, ఇక్కడ చెల్లదేమో" అన్న మాట చాలా బడులలో వినిపిస్తుంది. కావలి ప్రాంతంలో ఒక బడి కమిటీలో సభ్యుడిగా ఉన్న ఏళ్లలో నేను కూడా అదే మాట అన్నాను. ఆ మాటలో సగం తప్పు ఉందని, మిగిలిన సగం సరైన కాగితంతో తీరిపోయేదని తెలుసుకోవడానికి మాకు రెండు విద్యాసంవత్సరాలు పట్టింది. ఆ కాలం మరొక బడికి వృథా కాకూడదని, ఏ కాగితం దేశమంతటా చెల్లుతుందో, ఏది రాష్ట్రంలో విడిగా తీసుకోవాలో, మనిషి దొరికాక బడి ఏం సిద్ధం చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ అవసరం ఇప్పుడు మన ఇష్టాయిష్టాలకు వదిలినది కాదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సిలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సోషల్ వర్కర్‌ను గాని కనీసం ఒకరిని నియమించుకోవాలి, లేదా వారి సేవలు తీసుకోవాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో లాంఛనంగా ఏర్పాటు చేసుకోవాలి. "లేదా వారి సేవలు తీసుకోవాలి" అన్న ఆ వెసులుబాటును బడి యాజమాన్యాలు జాగ్రత్తగా గమనించాలి. పూర్తికాలపు ఉద్యోగి జీతం భరించలేని బడులు నాలుగైదు కలిసి ఒకరిని పిలిపించుకోవడానికి దారి అక్కడే ఉంది.

మొదట ఎవరు కావాలో తేల్చుకోండి

మన ఊళ్లలో సైకాలజిస్టు, సైకియాట్రిస్టు, కౌన్సిలర్ అన్న మూడు మాటలనూ ఒకే అర్థంలో వాడుతున్నారు. అందులోనూ మున్సిపాలిటీ పట్టణాలలో కౌన్సిలర్ అంటే తల్లిదండ్రులకు ముందు గుర్తొచ్చేది వార్డు కౌన్సిలరే. కాబట్టి ఇంటికి పంపే ఉత్తరంలో "పిల్లల మనస్తత్వ సలహాదారు" అని రాసి, వారు ఏం చేస్తారో రెండు వాక్యాలలో చెప్పడం మంచిది. సైకియాట్రిస్టు వైద్యుడు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టు పరీక్షలు చేసి, పిల్లవాడి తెలివితేటల స్థాయిని, చదువులో ప్రత్యేక ఇబ్బందిని, ప్రవర్తనను అంచనా వేసి నివేదిక ఇవ్వగలరు. బడి కౌన్సిలర్ పిల్లలతో మాట్లాడి, పరీక్షల భయం, స్నేహితుల గొడవ, ఇంట్లో కలత వంటి వాటిలో తోడుగా నిలిచి, తన చేతిలో లేని విషయాన్ని పై నిపుణులకు పంపగలరు. ప్రత్యేక ఉపాధ్యాయులు, అంటే స్పెషల్ ఎడ్యుకేటర్లు, నివేదికలో ఉన్నదాన్ని రోజువారీ పాఠంగా మార్చేవారు.

అమెరికాలో స్కూల్ సైకాలజిస్టు అనేది విడి వృత్తి, దానికి విడి లైసెన్సు. మన దేశంలో ఆ పేరుతో లైసెన్సు లేదు. అందుచేత బడి తనకు కావలసిన పనిని బట్టి మనిషిని వెతకాలి. మీ బడిలో సమస్య ఇంటర్ హాస్టలు పిల్లల ఒత్తిడి అయితే మంచి కౌన్సిలర్ చాలు. నాలుగో తరగతికి వచ్చినా గుణింతాలు కలవని పిల్లలు తరగతికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారంటే, పరీక్ష చేసి నివేదిక ఇవ్వగల సైకాలజిస్టు తప్పనిసరి. ఈ తేడా తేల్చుకోకుండా ప్రకటన వేస్తే, కౌన్సెలింగ్‌లో డిప్లొమా ఉన్నవారి చేత తెలివితేటల పరీక్షలు చేయించే పొరపాటు జరుగుతుంది.

దేశమంతటా చెల్లే కాగితం

క్లినికల్ సైకాలజిస్టులకు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టులకు, ప్రత్యేక ఉపాధ్యాయులకు వర్తించేది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. ఈ మండలిని అందరూ ఆర్.సి.ఐ. అంటారు. మండలి గుర్తించిన కోర్సు పూర్తిచేసినవారి పేర్లు కేంద్ర పునరావాస రిజిస్టరులో చేరతాయి. దాన్ని సి.ఆర్.ఆర్. అని, ఆ వరుస సంఖ్యను సి.ఆర్.ఆర్. నంబరు అని పిలుస్తారు. మన సందేహానికి జవాబు ఈ చట్టం 13వ సెక్షనులోనే ఉంది. రిజిస్టరులో పేరున్నవారు భారతదేశంలో ఏ ప్రాంతంలోనైనా వృత్తి చేసుకోవచ్చు. తమిళనాడులో చదివినా, కర్ణాటకలో చదివినా రిజిస్టరు ఒక్కటే. రిజిస్టరులో పేరు లేకుండా ఈ వృత్తి చేసేవారికి ఏడాది వరకు జైలు గాని, 1000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని అదే సెక్షను చెబుతుంది. జరిమానా చిన్నదే అయినా, పేరు లేనివారు ఇచ్చిన నివేదిక వల్ల పిల్లవాడికి జరిగే నష్టం చిన్నది కాదు.

ఈ నంబరును ఎలా చూడాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మేము దెబ్బతిన్నది ఇక్కడే. సర్టిఫికెట్టు జెరాక్సు చూసి తృప్తిపడకండి. ఆర్.సి.ఐ. వెబ్‌సైటులో నంబరు పెట్టి మూడు విషయాలు సరిచూడాలి. పేరు ఆధార్‌లోని పేరుతో కలుస్తున్నదా. ఏ వర్గంలో నమోదైనారు, సైకాలజిస్టుగానా, ప్రత్యేక ఉపాధ్యాయుడిగానా. చెల్లుబాటు గడువు ఎప్పటి వరకు ఉంది. ఈ నమోదును ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి, దానికి నిరంతర విద్యా కార్యక్రమాలకు హాజరై పాయింట్లు సంపాదించాలి. నాకు తెలిసిన ఒక బడిలో చక్కగా పనిచేసే నిపుణురాలినే పిలిపించారు, కానీ ఆమె నమోదు గడువు అప్పటికే ముగిసిపోయిందని ఎవరూ గమనించలేదు. ఆమె రాసిన నివేదికతో ఒక అబ్బాయిని వైకల్య ధ్రువపత్రం కోసం తీసుకువెళితే, నివేదిక చెల్లదని వెనక్కి పంపారు. కూలికి సెలవు పెట్టి మూడు బస్సులు మారి వచ్చిన ఆ తండ్రి ముఖం నేను మరచిపోలేను. గడువు తేదీని బడి క్యాలెండరులో రాసిపెట్టుకుని, ఆరు నెలల ముందే ఆ నిపుణులకు గుర్తుచేయడం బడి బాధ్యతగా తీసుకోవాలి.

రిజిస్టరులో లేని కౌన్సిలర్ల సంగతి వేరు. ఎం.ఏ. సైకాలజీ చదివినవారు, మార్గదర్శనం–కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేసినవారు బడి కౌన్సిలరుగా పనిచేయవచ్చు. సీబీఎస్ఈ తన అనుబంధ బడులు కౌన్సిలర్‌ను పెట్టుకోవాలని నిబంధనలలోనే చెప్పింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఢిల్లీలోనూ, మైసూరు వంటి చోట్ల ఉన్న తన ప్రాంతీయ విద్యాసంస్థలలోనూ ఇచ్చే డిప్లొమాకు మంచి విలువ ఉంది. మూడు వారాల ఆన్‌లైన్ కోర్సుతో "సర్టిఫైడ్ చైల్డ్ సైకాలజిస్టు" అని కార్డు అచ్చువేయించుకున్నవారిని మాత్రం దగ్గరికి రానివ్వకండి. డిగ్రీ ఏ విశ్వవిద్యాలయానిది, పర్యవేక్షణలో ఎన్ని గంటలు పనిచేశారు అని నేరుగా అడగండి. అర్హులైనవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

రాష్ట్రంలో విడిగా కావలసిన కాగితం

రాష్ట్ర సరిహద్దు నిజంగా అడ్డొచ్చేది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దగ్గర. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. క్లినికల్ సైకాలజిస్టులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను, మానసిక ఆరోగ్య నర్సులను ఆ రాష్ట్రంలో మానసిక ఆరోగ్య వృత్తి నిపుణులుగా నమోదు చేసే పని 55వ సెక్షను ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థది. తమిళనాడులో నమోదైనవారు మన రాష్ట్రంలో ఆ చట్టం కింద మానసిక ఆరోగ్య నిపుణులుగా పనిచేయాలంటే ఆంధ్రప్రదేశ్ సంస్థలో కూడా పేరు చేర్చుకోవాలి. బడి అనేది రోగులను చేర్చుకుని ఉంచే మానసిక ఆరోగ్య కేంద్రం కాదు గనుక, బడిలో చదువు ఇబ్బందులను పరీక్షించడానికి వచ్చే సైకాలజిస్టుకు ఆర్.సి.ఐ. నమోదే ప్రధానం. అయినప్పటికీ ఆ నిపుణులు ఇక్కడ క్లినిక్ తెరవాలన్నా, ఆసుపత్రిలో చూడాలన్నా, పిల్లలను ఆసుపత్రికి పంపే సందర్భంలో తమ మాటకు అధికారిక బలం ఉండాలన్నా రాష్ట్ర నమోదు అవసరమవుతుంది. కాబట్టి రాకముందే దరఖాస్తు పెట్టించండి. డిగ్రీ పత్రాలు, సి.ఆర్.ఆర్. పత్రం, ఇప్పటి రాష్ట్రపు నమోదు పత్రం, గుర్తింపు కార్డు, ఫోటోలు ఒకే ఫైలులో స్కాన్ చేసి పెట్టుకుంటే దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ వెతుక్కునే పని ఉండదు.

మూడవది 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఆర్.సి.ఐ. పరిధిలో లేని సైకాలజిస్టులు, కౌన్సిలర్లు, సోషల్ వర్కర్ల వంటివారిని ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల వర్గం కింద ఇది చేర్చింది. రాష్ట్ర మండళ్లు రాష్ట్ర రిజిస్టరును, కమిషన్ కేంద్ర రిజిస్టరును నిర్వహించడం ఇందులోని పద్ధతి. కౌన్సిలర్‌ను తీసుకునేటప్పుడు, రాష్ట్ర మండలి నమోదుకు పిలిచిన వెంటనే పేరు చేర్చుకుంటానన్న ఒక వాక్యాన్ని ఒప్పందంలో రాయించుకోండి.

ప్రభుత్వ కొలువుల విషయం వేరు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన స్థానికత నిబంధనలు మన రాష్ట్రంలో ఉన్నాయి గనుక, ప్రభుత్వ నోటిఫికేషన్‌లోని స్థానికత నిబంధన చదవకుండా పొరుగు రాష్ట్రపు నిపుణులకు ఆశ చూపకూడదు. లైసెన్సు చెల్లడం వేరు, కొలువుకు అర్హత వేరు. ప్రైవేటు బడులకు, రోజువారీ గౌరవ వేతనంపై సేవలు తీసుకునే సంస్థలకు ఈ చిక్కు లేదు.

అమెరికా అనుభవంలో మనకు పనికొచ్చేది

మన జిల్లాల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలలో స్కూల్ సైకాలజీ చదివే అమ్మాయిలు ఇప్పుడు ఉన్నారు గనుక, అక్కడి పద్ధతిని తెలుసుకోవడం వారికీ మనకూ మంచిదే. అక్కడ ఈ వృత్తికి జాతీయ లైసెన్సు లేదు. ప్రతి రాష్ట్రమూ తన లైసెన్సు తానిస్తుంది. 500 మంది విద్యార్థులకు ఒక స్కూల్ సైకాలజిస్టు ఉండాలని వారి జాతీయ సంఘం సిఫార్సు చేస్తుండగా, దేశ సగటు 1000 దాటి ఉంది. సైన్యంలో పనిచేసే భర్తకో భార్యకో బదిలీ అయి రాష్ట్రం మారిన ప్రతిసారీ, అనుభవం ఉన్న నిపుణులు కూడా మళ్లీ మొదటి నుంచి కాగితాలు పెట్టుకోవలసి వచ్చేది. దీనికి ఒక పాత పరిష్కారం ఉంది. 60 సెమిస్టరు గంటల ఉన్నత విద్య, 1200 గంటల ఇంటర్న్‌షిప్, అందులో కనీసం 600 గంటలు బడిలో, ఆపైన ప్రాక్సిస్ అనే అర్హత పరీక్ష పూర్తిచేసినవారికి ఆ సంఘం ఎన్.సి.ఎస్.పి. అనే జాతీయ గుర్తింపు ఇస్తుంది. ముప్ఫైకి పైగా రాష్ట్రాలు తమ లైసెన్సు ఇచ్చేటప్పుడు ఏదో ఒక రూపంలో దాన్ని పరిగణిస్తాయి. కొత్త పరిష్కారం రాష్ట్రాల మధ్య ఒడంబడిక. అక్కడి రక్షణ శాఖ తోడ్పాటుతో, రాష్ట్ర ప్రభుత్వాల మండలి రూపొందించిన ఈ ఒడంబడికలో చేరిన రాష్ట్రాలు, ఒకరి లైసెన్సు ఉన్నవారికి మరొకరు సమానమైన లైసెన్సు ఇస్తాయి. నేర చరిత్ర తనిఖీ మాత్రం ఎప్పటిలాగే జరుగుతుంది. ఏడు రాష్ట్రాలు చట్టం చేస్తే ఇది అమలులోకి వచ్చేలా రాసుకున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక: డాక్టరేటు చేసిన సైకాలజిస్టులకు ఉన్న సైప్యాక్ట్ అనే ఒడంబడిక వేరు, స్కూల్ సైకాలజిస్టుల ఒడంబడిక వేరు. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి ఏ లైసెన్సుతో బడిలో పనిచేస్తున్నదో చూసుకోకుండా ఒకదాని నిబంధన మరొకదానికి వర్తింపజేసుకుంటే రాష్ట్రం మారేటప్పుడు ఇబ్బంది పడుతుంది. సెలవులకు వచ్చినప్పుడు మన బడిలో పరీక్షలు చేసి నివేదికలు ఇవ్వడం కూడా కుదరదు. ఆ లైసెన్సుకు ఇక్కడ విలువ లేదు. ఉపాధ్యాయులకు శిక్షణ తరగతి చెప్పమని అడగండి, అది చాలా ఉపకరిస్తుంది.

అక్కడివారు ఏళ్ల తరబడి చర్చించి సాధించుకుంటున్న వెసులుబాటు, ఆర్.సి.ఐ. రిజిస్టరు రూపంలో, మనకు 1992 చట్టంతోనే వచ్చింది. మనం దాన్ని వాడుకోవడం లేదు. అయితే లైసెన్సు చెల్లినంత మాత్రాన కొత్త మనుషులు పుట్టుకురారు. ఉన్నవారు ఒకచోటి నుంచి మరొకచోటికి కదులుతారు, అంతే. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదివిన మన జిల్లా పిల్లలు చెన్నైకి, బెంగళూరుకు వెళ్లిపోవడం కూడా ఆ కదలికలో భాగమే. అందుచేత బయటినుంచి పిలిచే నిపుణుల పర్యవేక్షణలో పనిచేయడానికి స్థానికంగా సైకాలజీ చదివిన ఒకరిని తోడుగా పెట్టండి. రెండేళ్లలో ఆ పిల్ల మన బడికి ఆసరా అవుతుంది.

రైలు మార్గాన్ని బట్టి రోజులు పంచుకోండి

చెన్నై నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వరుసగా వస్తాయి. ఒక నిపుణురాలు సోమవారం నెల్లూరులో దిగి, మంగళవారం కావలి, బుధవారం ఒంగోలు చూసుకుని తిరిగి వెళ్లేలా మూడు పట్టణాల బడులు కలిసి ఏర్పాటు చేసుకుంటే, ప్రయాణపు ఖర్చు, వసతి ఖర్చు మూడు భాగాలవుతాయి. ఇందుకు ఒక బడి బాధ్యత తీసుకుని మిగిలిన బడులతో ఉత్తరప్రత్యుత్తరాలు నడపాలి. అందరూ సమానంగా చూసుకుందామనుకుంటే ఎవరూ చూసుకోరు. రైలు దారికి దూరంగా ఉన్న ఉదయగిరి, పొదిలి వంటి మెట్ట ప్రాంతాల బడులకు ఈ పద్ధతి అంత సులువుగా కుదరదు. వారు నెలకు ఒకసారి నేరుగా, మధ్యలో వీడియో ద్వారా అన్న ఏర్పాటు చేసుకోవచ్చు. వీడియోలో మాట్లాడవచ్చు, సలహా ఇవ్వవచ్చు, తల్లిదండ్రులతో చర్చించవచ్చు. పిల్లవాడి ఎదుట కూర్చుని చేయవలసిన పరీక్షలను మాత్రం వీడియోలో చేయనివ్వకండి.

కొత్తగా ఎవరినైనా పిలిచే ముందు, జిల్లాలో ఇప్పటికే ఉన్నవారి తలుపు తట్టండి. కేంద్ర ప్రభుత్వం దివ్యాంగుల కోసం నెల్లూరులో నడుపుతున్న కాంపోజిట్ రీజనల్ సెంటరు ఉంది. ప్రభుత్వ బడులకు మండలాలలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయులు ముందుగా మండల విద్యాధికారి ద్వారా భవిత కేంద్రానికి పిల్లల పేర్లు పంపి, అక్కడ తీరనిదానికే బయటి నిపుణులను వెతకాలి. సికింద్రాబాదులోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని జాతీయ బహుళ వైకల్య సాధికారత సంస్థ కూడా, నిపుణుల కోసం విచారించదగిన చోట్లు.

భాష లైసెన్సు కంటే పెద్ద ప్రశ్న

ఈ విషయాన్ని చాలామంది చివరకు వదిలేస్తారు. నేనైతే ముందు ఇదే అడుగుతాను. చెన్నై నుంచి వచ్చేవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు తక్కువేమీ కాదు, కానీ మాట్లాడటం వేరు, చదవడం రాయడం వేరు. చదువులో ప్రత్యేక ఇబ్బంది, అంటే డిస్లెక్సియా వంటిది, ఉన్నదో లేదో తేల్చాలంటే పిల్లవాడు తన బడి భాషలో ఎలా చదువుతున్నాడో చూడాలి. తెలుగు లిపిలో పిల్లలు తడబడే చోట్లు చాలావరకు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉండవు. ప, ష, స ల తేడా; మ, య ల తేడా; ద కు ధ కు మధ్య ఉన్న చిన్న గీత; గుణింతాలలో హ్రస్వ దీర్ఘాలు; అన్నిటికన్నా ముఖ్యంగా ఒత్తులు. తమిళ లిపిలో మన ఒత్తుల వంటివి లేవు. తెలుగు చదవలేని నిపుణులు ఇంగ్లీషు పేరాతో పరీక్ష చేస్తే, ఇంటి దగ్గర ఇంగ్లీషు వినని రొయ్యల చెరువు కాపలాదారు కొడుక్కి లేని వైకల్యం అంటగట్టే ప్రమాదం ఉంది. అలాగే మూడేళ్లు ఇంగ్లీషు మీడియంలో వెనకబడిన పిల్లవాడికి నిజంగా ఉన్న ఇబ్బంది, "భాష రాక" అన్న మాట కింద కప్పబడిపోయే ప్రమాదమూ ఉంది.

కాబట్టి నిపుణులు తెలుగు చదవగలరా అని ఫోనులోనే అడగండి. చదవలేకపోతే, పరీక్ష సమయంలో తెలుగు ఉపాధ్యాయురాలిని పక్కన కూర్చోబెట్టి, తరగతి స్థాయి పేరాను పిల్లవాడి చేత చదివించి, తప్పులను ఏ అక్షరం దగ్గర ఎలా చేశాడో రాసి ఇప్పించండి. పిల్లవాడి పాత నోటుపుస్తకాలు మూడు సంవత్సరాలవి ముందుంచండి. ఒక గంట పరీక్ష చెప్పలేనిది అవి చెబుతాయి. బినే–కామత్ వంటి తెలివితేటల పరీక్షలో ప్రశ్నలను తెలుగులో అడిగింది ఎవరో, దుబాసీ ఉన్నారో లేదో నివేదికలో రాయమనండి.

ఒప్పందంలో తప్పక ఉండవలసినవి

నోటి మాట మీద మొదలుపెట్టకండి. రెండు పేజీల ఒప్పందం చాలు, కానీ అందులో కొన్ని విషయాలు స్పష్టంగా ఉండాలి. ఏ రోజులు, ఎన్ని గంటలు, పరీక్షల నెలల్లో అదనపు రోజులు ఉంటాయా, నివేదికకు విడిగా రుసుము ఉందా, ఉంటే అది ఎవరు చెల్లిస్తారు అన్నవి డబ్బు సంగతులు. పిల్లవాడి నివేదిక తల్లిదండ్రులకు అందుతుందని, బడికి అందులో పాఠం చెప్పడానికి అవసరమైన భాగమే ఇస్తారని రాయాలి. పిల్లవాడితో పని మొదలుపెట్టే ముందు తల్లి గాని తండ్రి గాని తెలుగులో రాసిన సమ్మతి పత్రం చదివి సంతకం చేయాలి. చదవలేనివారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. వీడియో ద్వారా పనిచేసే ఏర్పాటు ఉంటే, 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుందని గుర్తుంచుకుని, నివేదికలను వాట్సాప్ గ్రూపులలో పంపబోమని కూడా రాసుకోండి. ఇది అతిజాగ్రత్త కాదు. ఒక పిల్ల నివేదిక ఉపాధ్యాయుల గ్రూపులోకి వచ్చి, అక్కడి నుంచి బంధువుల ఫోన్లలోకి వెళ్లిన సందర్భం నేను చూశాను. ఆ పిల్ల ఆ తర్వాత ఆ బడికి రాలేదు.

వేరే రాష్ట్రం నుంచి వచ్చేవారి విషయంలో నివసిస్తున్న చోటి పోలీసు ధ్రువీకరణ పత్రం అడగండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయాలి. దాచిపెట్టడం శిక్షార్హం. సైకాలజిస్టు తన వృత్తి గోప్యతను కారణంగా చూపి దీన్ని తప్పించుకోలేరు, బడి యాజమాన్యం పరువును కారణంగా చూపి వారిని ఆపలేదు. నిపుణులు రైలెక్కి వెళ్లిపోయేవారు గనుక, అటువంటి మాట పిల్ల నోట విన్న రోజున ఇక్కడ ఏ పోలీసు స్టేషనుకు, ఎవరి ద్వారా, ఎంత సేపటిలో తెలియజేయాలో పేర్లతో సహా ముందే రాసుకోవాలి. అలాగే నిపుణులు ఊళ్లో లేని రోజుల్లో పిల్లవాడు ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నాడని తెలిస్తే, ఒంటరిగా వదలకుండా ఎవరు పక్కన ఉంటారో, ఏ ఆసుపత్రికి తీసుకువెళతారో ఒప్పందానికి జతపరచిన కాగితంలో ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో ఎప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడుతుంది. బాలల సహాయానికి 1098 ఉంది. ఈ రెండు నంబర్లను ప్రధానోపాధ్యాయుల గదిలో కాక, హాస్టలు మంచినీళ్ల కుళాయి పక్కన, తరగతి గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించండి. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి.

బడిలో చోటు

గది చిన్నదైనా ఫర్వాలేదు. తలుపు వేసుకునే వీలు ఉండాలి, తలుపుకు అద్దం పలక ఉండాలి, లోపలి మాట బయటికి వినపడకూడదు, లోపలివారు బయటికి కనపడాలి. ఆఫీసు గదిలో ఒక మూల బల్ల వేసి అదే కౌన్సెలింగ్ గది అంటే ఏ పిల్లా నోరు విప్పదు. పిల్లల పేర్లు మైకులో పిలవకండి. ఎదుగుతున్న పిల్లలకు ఆ పిలుపు తరగతిలో నెలల పాటు వెంటాడుతుంది. మొదటి నెలలో నిపుణులను అన్ని తరగతులకూ తీసుకువెళ్లి అందరితో మాట్లాడించండి. అప్పుడు ఆ గదికి వెళ్లడం "తేడా ఉన్నవాళ్ల" పని అన్న ముద్ర పడదు. ఉపాధ్యాయులతో నెలకొక గంట కూర్చోబెట్టి, ఏ మార్పు కనిపిస్తే ఎవరిని పంపాలో చెప్పించండి. చదువులో ప్రత్యేక ఇబ్బందులను మూడో తరగతిలో లేదా 8 ఏళ్ల వయసులో వడపోయాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు సూచించాయి. కానీ ఆ వడపోతను మొదలుపెట్టేది తరగతి ఉపాధ్యాయురాలే.

నివేదిక ఒక్కటే వైకల్య ధ్రువపత్రం కాదని కూడా తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో చదువు ఇబ్బంది, ఆటిజం, మేధో వైకల్యం ఉన్నాయి, వాటికి ధ్రువపత్రం ఇచ్చేది ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులు. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లకు ఆ పత్రమే ఆధారం గనుక, తొమ్మిదో తరగతి మొదట్లోనే ఆ పని కదిలించాలి. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పంపేశాక పరుగులు తీసి లాభం లేదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చివరి విషయం. మన రాష్ట్రంలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. రాష్ట్ర నమోదుకు దరఖాస్తు, పోలీసు ధ్రువీకరణ, మూడు బడుల మధ్య రోజుల పంపకం, సమ్మతి పత్రాల అచ్చు ఇవన్నీ పూర్తికావాలంటే సంక్రాంతి సెలవులు అయిన వెంటనే నిపుణులతో మాట్లాడాలి. ఫిబ్రవరిలో సి.ఆర్.ఆర్. నంబరు సరిచూసి, మార్చిలో ఒక రోజు రప్పించి ఇద్దరు ముగ్గురు పిల్లలతో మాట్లాడించి, తెలుగు ఎంతవరకు వచ్చో కళ్లారా చూసి, ఏప్రిల్‌లో వేసవి సెలవులు ఇచ్చేలోగా ఒప్పందం మీద సంతకాలు చేయించండి. తల్లిదండ్రులు ఫలితాల కార్డు కోసం బడికి వచ్చే ఆ చివరి రోజునే సమ్మతి పత్రాలు వారి చేతికివ్వండి. జూన్‌లో మళ్లీ అందరూ ఒకేసారి దొరకరు.